చందా పుస్తకం లేని సంఘాలు, డాలర్లతో వేసే ప్లాన్లు

2025 ఫిబ్రవరి 16న అమెరికా ప్రభుత్వ ఖర్చులకు కత్తెర వేసే 'డోజ్' విభాగం తాము రద్దు చేసిన పద్దుల జాబితా ఒకటి బయటపెట్టింది. అందులో ఒక లైను మన గురించి. భారత్‌లో ఓటింగ్ శాతం పెంచడానికి 2 కోట్ల 10 లక్షల డాలర్లు, అంటే దాదాపు 180 కోట్ల రూపాయలు. ఆ వారమంతా టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, విజయవాడ, గుంటూరు టీ కొట్ల దగ్గర ఒకటే గోల: ఆ డబ్బు ఎవరు తిన్నారు? మీవాళ్లంటే మీవాళ్లని పార్టీలు తిట్టుకున్నాయి.

తర్వాత ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక రికార్డులు తిరగేసి, ఆ మొత్తం 2022లో మంజూరైంది బంగ్లాదేశ్ కోసమని రాసింది. మన ఆర్థిక శాఖ 2023-24 వార్షిక నివేదికలో అమెరికా ప్రభుత్వ విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌తో కలిసి నడుస్తున్న ఏడు ప్రాజెక్టుల వివరాలున్నాయి. వాటి విలువ 75 కోట్ల డాలర్లు. వ్యవసాయం, మంచినీరు, పారిశుద్ధ్యం, ఆరోగ్యం, పునరుత్పాదక ఇంధనం, విపత్తు నిర్వహణ లాంటివే అన్నీ. ఓటింగ్ ఊసు ఎక్కడా లేదు. అంతటితో గోల చల్లారిపోయింది. ఎవరూ సారీ చెప్పలేదు, అది వేరే విషయం.

ఆ గోలలో అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం మరుగున పడింది. ఒక దేశం ఇంకో దేశంలో ప్రజాస్వామ్యం బాగుపడాలని, పౌర సంఘాలు నిలబడాలని డబ్బు పంపాలనుకుంటే ప్లాన్ ఎలా వేస్తుంది? పోర్టుకో వంతెనకో ఎస్టిమేట్ వేయొచ్చు. జనం అధికారిని నిలదీయడానికి ఎంతవుతుందో ఏ ఇంజనీరు చెప్తాడు? ఈ రంగంలో డబ్బు ఎందుకు వృథా అవుతుందంటే చాలామంది అవినీతి పేరు చెప్తారు. అంతకంటే పెద్ద కారణం ప్లాన్ వేసే బల్ల దగ్గరే ఉంది. సంఘం ఏం చేస్తుందో అక్కడ వంద ప్రశ్నలు అడుగుతారు. దాని రోజువారీ ఖర్చు ఎవరు భరిస్తున్నారు, అది ఎవరికి జవాబు చెప్పుకోవాలి అనేది చివరి పేజీలో కూడా కనిపించదు.

డబ్బు ఎక్కడ మొదలైంది

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తొలి రెండు దశాబ్దాలు ఈ పని చాటుగా సాగింది. అమెరికా విద్యార్థి సంఘానికి, మేధావుల వేదికలకు గూఢచారి సంస్థ సీఐఏ డబ్బు పంపుతోందని 1967లో బయటపడింది. పరువు పోయింది. చాటుగా ఇచ్చిన పైసా బయటపడిన రోజున, పుచ్చుకున్నవాడు చేసిన మంచి పని కూడా పనికిరాకుండా పోతుందని అప్పుడే తేలింది. 1982 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్ బ్రిటన్ పార్లమెంటు సభ్యుల ముందు చేసిన ప్రసంగంలో ఈ పనిని బాహాటంగా చేద్దామన్నాడు. మరుసటి ఏడాది నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమోక్రసీ పుట్టింది. దాని కింద నాలుగు సంస్థలు: రెండు పెద్ద పార్టీలకు చెరొకటి, కార్మిక సంఘాలకు ఒకటి, వ్యాపార వర్గానికి ఒకటి. ఈ నమూనా కొంతవరకు జర్మనీ నుంచి వచ్చింది. అక్కడ పార్టీలకు అనుబంధంగా ఫౌండేషన్లుంటాయి, వాటికి ప్రభుత్వ ఖజానా నుంచే నిధులు వెళ్తాయి. 1974 తర్వాత పోర్చుగల్‌లో నియంతృత్వం పోయి పార్టీలు నిలదొక్కుకోవడంలో వాటి పాత్ర ఉంది.

సోవియట్ యూనియన్ కూలాక ఈ రంగం ఒక పరిశ్రమగా మారింది. అమెరికా ఒక్కటే ఏడాదికి 300 కోట్ల డాలర్ల దాకా ఈ పద్దు కింద ఖర్చు పెడుతూ వచ్చింది. 2025లో ఆ బండి ఒక్కసారిగా ఆగింది. యూఎస్‌ఎయిడ్ ప్రోగ్రాముల్లో 83 శాతం రద్దయినట్టు మార్చి 10న విదేశాంగ మంత్రి రూబియో ప్రకటించాడు. జులై 1 నుంచి ఆ సంస్థే సాయం పంచడం మానేసింది. ఎండోమెంట్ తనకు రావాల్సిన డబ్బు కోసం సొంత ప్రభుత్వం మీదే కోర్టుకెక్కింది. బ్రిటన్ కూడా జాతీయాదాయంలో సాయం వాటాను 0.5 శాతం నుంచి 2027 కల్లా 0.3కు తగ్గిస్తామంది.

బండి ఆగింది కాబట్టే ఇప్పుడు నిదానంగా చూసే వీలు దొరికింది. ఇన్నేళ్ల ప్లాన్లలో ఏం నిలిచింది, ఏం కొట్టుకుపోయింది?

నాలుగు గడుల కాగితం

ప్లాన్ అంటే ఏదో రహస్య పత్రం అనుకోనక్కర్లేదు. ఎన్జీవోల్లో పనిచేసిన ఎవరినడిగినా చెప్తారు, అదొక టేబుల్. పేరు లాగ్‌ఫ్రేమ్. 1969లో యూఎస్‌ఎయిడ్ కోసమే తయారైంది, తర్వాత ప్రపంచంలో అందరు దాతలూ పట్టుకున్నారు. నాలుగు వరసలు, నాలుగు గడులు. కింది వరసలో కార్యకలాపం, దాని పైన ఫలితం, ఆ పైన ప్రయోజనం, అన్నిటికంటే పైన ఆశయం. పక్క గడుల్లో ప్రతి వరసకూ ఒక సూచిక, దానికి రుజువు, ఆ పక్కన మన చేతిలో లేని పరిస్థితులు.

ఉదాహరణకు మహిళా వార్డు సభ్యులకు మూడు రోజుల శిక్షణ అనుకుందాం. కింది వరస నింపడం సులువు: 40 మందికి శిక్షణ. సూచిక: హాజరైనవారి సంఖ్య. రుజువు: సంతకాల షీటు, బ్యానర్ ముందు గ్రూప్ ఫొటో, హోటల్ బిల్లు, టీఏ డీఏ వోచర్లు. ఆ పై వరస కూడా ఫర్వాలేదు, శిక్షణకు ముందో పరీక్ష, తర్వాతో పరీక్ష, మార్కులు పెరిగితే ఫలితం వచ్చినట్టే. మూడో వరస దగ్గర కలం ఆగుతుంది. ఆ 40 మందిలో ఎంతమంది కౌన్సిల్ మీటింగులో లేచి కమిషనర్‌ను నిలదీశారు? ఎంతమంది బదులు వాళ్ల భర్తలే కుర్చీలో కూర్చున్నారు? అది తెలియాలంటే రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూడాలి. అప్పటికి ప్రాజెక్టు అయిపోయి ఉంటుంది, ప్రోగ్రామ్ ఆఫీసర్ ఇంకో దేశానికి మారిపోయి ఉంటాడు. అందుకని మూడో వరసలో 'సామర్థ్యం పెరిగింది' అని రాసి ముందుకెళ్తారు.

అబద్ధమేమీ రాయలేదు. లెక్క కూడా సరిగ్గానే ఉంటుంది. కానీ లెక్కకు దొరికేదే పని అయి కూర్చుంటుంది. అమెరికా ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30న ముగుస్తుంది కాబట్టి ఆ లోపు డబ్బు ఖర్చయినట్టు చూపించాలి. ఖర్చు త్వరగా తేలేది వర్క్‌షాపుల్లోనే. ఒక లాయర్ మూడేళ్లు ఒకే కేసు పట్టుకుని కోర్టు చుట్టూ తిరగడం మీద ఖర్చు నెమ్మదిగా అవుతుంది, ఫొటో కూడా రాదు.

ఓటింగ్ శాతమూ అలాంటి సూచికే. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు కలిపి ఎన్నికలు జరిగాయి. అంతకు ముందు రెండు రోజులు హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద కార్లు బారులు తీరాయి, ఆర్టీసీ బస్సుల్లో సీటు దొరకలేదు. కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటినా క్యూలున్నాయి. చివరికి తేలిన పోలింగ్ 81.86 శాతం. ఒక్క డాలరు పెట్టకుండా వచ్చిన అంకె అది. ఏ దాత లాగ్‌ఫ్రేములో పెట్టినా దేశానికి నూటికి నూరు మార్కులు పడతాయి. మరి ఆ అంకెలో ఓటుకు ఎంత ఇచ్చారన్నది కనిపిస్తుందా? పోలింగ్‌కు ముందు రాత్రి వీధుల్లో ఏం పంచుతారో ఇక్కడ స్కూలు పిల్లలకు కూడా తెలుసు.

గుంటూరు సంగతి ఇంకా చిత్రం. 2005లో ఎన్నికైన నగరపాలక మండలి గడువు 2010లో అయిపోయింది. మళ్లీ ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. మధ్యలో 2014, 2019ల్లో జనం అసెంబ్లీకి బారులు తీరి ఓటేశారు. చెత్త తీయించే, డ్రైనేజీ పూడిక తీయించే, నీటి కుళాయి ఇప్పించే కార్పొరేటర్ మాత్రం పదేళ్లకు పైగా లేడు. స్పెషల్ ఆఫీసర్ల పాలనే. ఓటింగ్ శాతాన్ని సూచికగా పెట్టుకున్న ప్లాన్‌కు ఈ పదేళ్ల ఖాళీ కనిపించనే కనిపించదు. దాన్ని పట్టుకోవాలంటే గుంటూరు సంగతులు తెలిసినవాడు కావాలి. ఆ మనిషి వాషింగ్టన్ బల్ల దగ్గర ఉండడు.

బెజవాడ తీర్మానం

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. పింగళి వెంకయ్య గాంధీకి జెండా చూపించింది అప్పుడే కాబట్టి విజయవాడలో అందరికీ ఆ సంగతి గుర్తు. బందరు రోడ్డులో బాపు మ్యూజియం పక్కనుంచి వెళ్తూ పిల్లలకు చెప్పుకుంటాం కూడా. ఆ సమావేశం చేసిన తీర్మానం మాత్రం అంతగా ఎవరికీ గుర్తులేదు. జూన్ 30 లోపు తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌లో కోటిమంది సభ్యులు, ఇళ్లల్లో 20 లక్షల చరఖాలు.

ఇదీ ఒక ప్లానే. మూడు అంకెలు, ఒక గడువు. అయితే ఈ అంకెల్లో ఉన్నదేమిటో చూడాలి. సభ్యత్వ రుసుం ఏడాదికి నాలుగణాలు. నాలుగణాలు ఇచ్చినవాడు మర్నాడు వచ్చి 'నా డబ్బు ఏం చేశారు' అని అడుగుతాడు. అడగకపోయినా అడుగుతాడేమోనన్న భయం ఉంటుంది. నిధి కోటి దాటింది, సభ్యుల లెక్క మాత్రం లక్ష్యం దాకా రాలేదు. కానీ ఆ మూడు నెలల్లో ఊరూరా రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన కుర్రాళ్లే ఆ తర్వాతి ఉద్యమాలకు కార్యకర్తలయ్యారు. వసూలు చేయడమే వాళ్లకు శిక్షణ. అదే ఏడాది చీరాల-పేరాలలో మున్సిపాలిటీ పన్ను కట్టలేమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట దాదాపు ఊరంతా ఇళ్లొదిలి రామనగర్ పాకల్లో పదకొండు నెలలున్నారు. పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన పన్నుల నిరాకరణ కూడా ఆ కాలానిదే. మూడూ గుంటూరుకు గంటా రెండు గంటల ప్రయాణంలోపు ఊళ్లే.

పోలండ్ కథను ఈ పక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. విదేశీ సాయం గెలిచిన కథ అంటే అందరూ చెప్పేది సాలిడారిటీ కార్మిక సంఘమే. 1981 డిసెంబర్ 13న మార్షల్ లా పెట్టి దాన్ని నిషేధించాక అమెరికా కార్మిక సంఘాలు, తర్వాత ఎండోమెంట్ దానికి డబ్బు, అచ్చు యంత్రాలు, సిరా పంపాయి. 1989 జూన్ ఎన్నికల్లో అది గెలిచింది. కానీ డబ్బు రాక ముందే, నిషేధం ముందే ఆ సంఘంలో దాదాపు కోటిమంది సభ్యులున్నారు. బయటి డాలరు ఒక ప్రింటింగ్ ప్రెస్సుని నిలబెట్టింది. ప్రెస్సులో అచ్చయింది చదివే జనాన్ని అది తయారు చేయలేదు. ఆ క్రమం తిరగేసి, ముందు ప్రెస్సు పెట్టి తర్వాత పాఠకుల కోసం వెతుకుదామనుకున్నవే తర్వాతి ప్లాన్లలో ఎక్కువ.

అఫ్గానిస్తాన్ అందుకు పెద్ద ఉదాహరణ. 2003లో అక్కడ జాతీయ సంఘీభావ కార్యక్రమం మొదలైంది. ప్రతి ఊళ్లో ఓట్లతో ఒక అభివృద్ధి మండలిని ఎన్నుకోవాలి, ఆ మండలికి నేరుగా గ్రాంటు వస్తుంది. కాగితం మీద ఇంతకంటే మంచి ప్లాన్ ఉండదు. 500 గ్రామాల్లో జరిగిన ఒక పెద్ద పరిశీలన ఏం తేల్చిందంటే, మంచినీరు, కరెంటు మెరుగయ్యాయి, ఊరి వ్యవహారాల్లో ఆడవాళ్లు పాల్గొనడాన్ని ఒప్పుకునే ధోరణి కొంత పెరిగింది. కానీ ఊరి పాలన పద్ధతి మారిన దాఖలాలు గ్రాంటు డబ్బు అయిపోయాక చాలావరకు మాసిపోయాయి. పాత పెద్దలే మళ్లీ పెద్దలు. 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయినప్పుడు ఆ మండళ్లను కాపాడుకోవాలని ఎవరూ రోడ్డెక్కలేదు. ఎక్కగలిగే పరిస్థితి కూడా లేదనుకోండి.

మన తెలుగు నేల మీద పౌరహక్కుల సంఘాలు ఈ తేడాను ఎప్పుడో పట్టుకున్నాయి. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటివాళ్లు నడిపిన సంఘాలు సభ్యుల చందాలతోనే బతికాయి, ఫండింగ్ ఏజెన్సీల దగ్గర చెయ్యి చాపలేదు. రాజస్థాన్‌లో సమాచార హక్కు కోసం పోరాడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌ది కూడా ఆ నియమమే, 2005 చట్టం వెనక ఆ పోరాటం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది ప్రభుత్వం అచ్చేసిన అక్షరాస్యత వాచకం. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. చదువు చెప్పడానికి వేసిన ప్లాన్‌లోంచి సారా ఉద్యమం వస్తుందని ఏ లాగ్‌ఫ్రేములోనూ లేదు. ఉండుంటే ప్రభుత్వం ఆ వాచకాన్ని అచ్చేసేదే కాదేమో, ఎక్సైజ్ ఆదాయం పోతుందని.

అలాగని విదేశీ సాయమే దండగ అని తేల్చేయడం తప్పు. బెలారస్‌లో 2020 తర్వాత ఉద్యమకారుల సహాయ నిధికి ఫేస్‌బుక్ ద్వారా నాలుగు రూపాయలు పంపినవాళ్ల మీద కేసులు పెట్టారు. అక్కడ చందా పుస్తకం అంటే పోలీసుల చేతికి జాబితా ఇచ్చినట్టే. వ్యాపారస్తుడు ఒక పత్రికకు యాడ్ ఇవ్వాలన్నా భయపడే దేశాల్లో బయటి డబ్బు లేకపోతే ఆ పత్రిక మూతే. 1990 నుంచి 2003 దాకా అమెరికా సాయాన్ని లెక్కగట్టి చేసిన ఒక అధ్యయనం కూడా మంచి ప్రభావం ఉందనే తేల్చింది, కాకపోతే కొద్దిపాటి ప్రభావమేనంది. ఆ 'కొద్దిపాటి'ని మర్చిపోయి ప్లాన్లు వేయడం వల్లే చిక్కంతా.

చట్టం గీసే గీత

చందా లేని సంఘాన్ని ప్రభుత్వం ఒక్క సెక్షన్‌తో ఖాళీ చేయగలదు. 2009లో ఇథియోపియా అదే చేసింది. ఆదాయంలో 10 శాతానికి మించి విదేశాల నుంచి వచ్చే సంఘాలు మానవ హక్కులు, ప్రజాస్వామ్యం జోలికి రాకూడదంది. చాలా సంఘాలు రాత్రికి రాత్రే తమ ఆశయం మార్చుకుని శిశు సంక్షేమం, మంచినీళ్ల పనుల్లోకి దిగాయి. ఆ చట్టాన్ని మార్చడానికి 2019 దాకా పట్టింది. రష్యా 2012లో 'విదేశీ ఏజెంట్' ముద్ర తెచ్చి, యూఎస్‌ఎయిడ్‌ను పొమ్మంది. ఈజిప్టు 2011 డిసెంబర్‌లో ఎన్జీవోల ఆఫీసుల మీద దాడి చేసి, 2013లో 43 మందికి శిక్ష వేయించింది. ఐదేళ్ల తర్వాత పునర్విచారణలో కేసు వీగిపోయింది గానీ అప్పటికి ఆఫీసులెక్కడున్నాయి? 2024లో జార్జియా కూడా 20 శాతం గీత గీసింది.

విదేశీ విరాళాలను నియంత్రించే మన చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కూడా ఈ వరసలోనిదే, పుట్టింది 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో. 2010లో కొత్త చట్టం వచ్చింది, 2020లో ఇంకా బిగించారు. ఇదివరకు హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉన్న పెద్ద సంస్థ విదేశీ నిధి తెచ్చుకుని, పల్నాడులో పనిచేసే చిన్న సంఘానికి కొంత పంచేది. సవరణ ఆ దారి మూసేసింది, ఎవరి పేరుతో వచ్చిన డబ్బు వాళ్లే ఖర్చు పెట్టాలి. ఆఫీసు నిర్వహణ ఖర్చు 50 శాతం నుంచి 20కి దిగింది. డబ్బు ఏ ఊరికి వచ్చేదైనా ముందు ఢిల్లీ పార్లమెంటు స్ట్రీట్ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఏటా డిసెంబర్ 31 లోపు ఎఫ్‌సీ-4 రిటర్ను వేయాలి, ఐదేళ్లకోసారి రెన్యువల్. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 8న నోయెల్ హార్పర్ కేసులో ఈ సవరణలు చెల్లుతాయనే చెప్పింది, విదేశీ విరాళం పొందడం తిరుగులేని హక్కేమీ కాదంది. లైసెన్సు పోయిన సంస్థలు ఇప్పటికి 20 వేలకు పైనే.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఈ చట్టం ఇళ్లల్లోకే వస్తుంది. అన్నదమ్ములిద్దరూ అమెరికాలో ఉన్నారనుకుందాం. తమ్ముడిది గ్రీన్ కార్డు, చేతిలో ఉన్నది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. అన్న సిటిజన్‌షిప్ తీసుకున్నాడు. ఊళ్లో లైబ్రరీ ట్రస్టుకు ఇద్దరూ చెరో లక్ష పంపారు. తమ్ముడు బ్యాంకు ద్వారా పంపిన సొంత సంపాదన మామూలు విరాళమే. అన్నది మాత్రం విదేశీ విరాళం, ట్రస్టుకు రిజిస్ట్రేషన్ లేకపోతే దాన్ని ముట్టుకోవడం నేరం. అన్న దగ్గర విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. ఒకే తల్లి పిల్లలు, ఒకే ఊరి మీద ప్రేమ. చట్టానికి పాస్‌పోర్టు రంగే తెలుసు. ఊరి ఆడిటర్ ఈ తేడా చెప్పినప్పుడు ట్రస్టు పెద్దల మొహాలు చూడాలి.

సొంత విషయానికొచ్చేసరికి పార్టీలకు ఇంత పట్టింపు లేదు. బ్రిటన్‌లో నమోదైన వేదాంత గ్రూపు కంపెనీల నుంచి కాంగ్రెస్, బీజేపీ రెండూ చట్టవిరుద్ధంగా విరాళాలు తీసుకున్నాయని ఢిల్లీ హైకోర్టు 2014లో చెప్పింది. 2016లో, మళ్లీ 2018లో విదేశీ సంస్థ నిర్వచనాన్నే మార్చి, ఆ మార్పు 1976 నుంచీ వర్తించేలా చేసుకున్నారు. ఆ విషయంలో రెండు పార్టీలకూ పేచీ రాలేదు.

ఇక్కడ నిలిచినవి

విదేశీ డబ్బు ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. గుంటూరుకు 1842లో అమెరికన్ లూథరన్ మిషన్ వచ్చింది. ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ, అన్నా కుగ్లర్ ఆసుపత్రి ఆ వరసలో వచ్చినవే. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్నాక దేశదేశాల నుంచి సహాయ సంస్థలు అవనిగడ్డ దారి పట్టాయి, తుపాను షెల్టర్లు, ఇళ్లు కట్టాయి. ఇక్కడి ఎన్జీవోల్లో ఒక తరం ఆ రోజుల్లో పుట్టిందే. 1990ల్లో విజయవాడ మురికివాడల్లో బ్రిటన్ డబ్బుతో రోడ్లు, డ్రైన్లు, కమ్యూనిటీ హాళ్లు వచ్చాయి, వాటితోపాటే పేటకో కమిటీ వేశారు. ఇలాంటి ప్రాజెక్టులన్నిట్లోనూ ఇటుక, సిమెంటు ఎక్కువకాలం నిలుస్తాయి. కమిటీ ప్రాజెక్టుతో పాటే వెళ్లిపోతుంది, ఎందుకంటే కమిటీకి పని ఇచ్చింది ప్రాజెక్టే తప్ప పేట కాదు.

ఇదే నగరంలో కమిటీ నిలిచిన ఉదాహరణ కావాలంటే గ్రంథాలయోద్యమం ఉంది. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకట రమణయ్య తదితరులు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. ఊళ్లలో చందాలేసుకుని పుస్తకాలు కొన్నారు. రాష్ట్రం ఏర్పడ్డాక 1960 చట్టం ఇంటిపన్ను మీద గ్రంథాలయ సెస్సు పెట్టింది. ఆ సెస్సును మున్సిపాలిటీలు సరిగ్గా జమ చేయడం లేదని ఇప్పటికీ తగువే. ఆ తగువు పడే మనుషులుండటమే ఒక బలం.

సాయం బాగా పనిచేసే చోటు యంత్రాంగం: ఓటర్ల జాబితా, బూత్ సిబ్బంది శిక్షణ, ఆడిట్, కోర్టు రికార్డులు. మన దేశం ఇతరులకు ఇచ్చే సాయం ఎక్కువగా ఇటువైపే ఉంది. 2008లో భూటాన్ తొలి పార్లమెంటు ఎన్నికలకు మన ఈవీఎంలు వెళ్లాయి, 2014లో నమీబియాకూ వెళ్లాయి. వేలికి పూసే సిరా మైసూరు ఫ్యాక్టరీ నుంచి పాతిక దేశాలకు పైగా పోతోంది. ఎన్నికల సంఘం 2011లో ఢిల్లీలో పెట్టిన శిక్షణ సంస్థకు ఆఫ్రికా, ఆసియా దేశాల అధికారులు వస్తుంటారు. ఐక్యరాజ్యసమితి 2005లో పెట్టిన ప్రజాస్వామ్య నిధికి మొదట డబ్బిచ్చిన దేశాల్లో మనమూ ఉన్నాం. కాబూల్‌లో పార్లమెంటు భవనం కట్టి 2015 డిసెంబర్ 25న అప్పగించాం. పొరుగు దేశం సంఘాలకు మాత్రం చెయ్యి దూరంగానే పెడతాం. మనింట్లో విదేశీ నిధి మీద ఇన్ని ఆంక్షలు పెట్టుకుని పక్కింట్లో సంఘాలకు నిధులిస్తామంటే ఎవరూ నమ్మరు కూడా.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. కాబూల్‌లో భవనం మిగిలింది, పార్లమెంటు పోయింది. యంత్రాంగం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే పనిచేస్తుంది, కాబట్టి దాన్ని నిలదీసే సంఘాలు ఎలాగూ కావాలి. అందుకే ఇప్పుడు మిగిలిన కొద్దిపాటి డబ్బుతో దాతలు చేయదగ్గ పని ఒకటి కనిపిస్తుంది. సంఘం స్థానికంగా ఎంత చందా పోగేస్తే అంతకు అంత కలపడం. సభ్యుడు రూపాయి వేస్తే దాత ఇంకో రూపాయి. వర్క్‌షాపుల పద్దు తీసేసి అయిదారేళ్లకు తగ్గకుండా ఆఫీసు అద్దె, అకౌంటెంటు జీతం, లాయరు ఫీజు లాంటి మామూలు ఖర్చులకే ఇవ్వడం. చందా పుస్తకం ప్రమాదమైన దేశాల్లో ఈ నియమాన్ని పక్కనపెట్టి, మనుషుల భద్రతకు, పత్రికలకు నేరుగా ఇవ్వడం. ఏ దేశం ఏ కోవలోకి వస్తుందో తేల్చాల్సింది ఆ దేశంలో ఉన్నవాళ్లే.

దీనికీ చిక్కులు లేకపోలేదు. రూపాయికి రూపాయి అనగానే సంఘం నాయకుడు శిక్షణకు వచ్చినవాళ్లకు టీఏ డీఏ ఇచ్చి, అందులోంచే చందా కోసుకుని రసీదు రాస్తాడు. పుస్తకం నిండుతుంది, లెక్క ఆడిటర్‌కు సరిపోతుంది, దాత తన వాటా పంపేస్తాడు. దీన్ని పట్టుకోవాలంటే రసీదు మీద పేరున్న మనిషి ఇంటికి వెళ్లి, నిజంగా ఇచ్చారా, ఎందుకిచ్చారు, ఇచ్చాక మీటింగుకు వెళ్లారా అని అడగాలి. ఆ పనికి తెలిసిన భాష, తెలిసిన వీధి, తీరిక కావాలి. ఇప్పటి బడ్జెట్లలో అన్నిటికంటే ముందు కోత పడేది సరిగ్గా ఆ ప్రయాణ ఖర్చు మీదే.